కింది ట్రేలో కాగితం

మార్చి 4, మంగళవారం

ఈ పుస్తకం కొని ఏడాదైంది. ఇంగ్లీషులో డైరీ రాస్తే భాష పదునెక్కుతుందని కొన్నాను, ఒక్క పేజీ కూడా రాయలేదు. ఇవాళ తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు ఆఫీసులో రాసి రాసి చెయ్యి లాగుతోంది.

శనివారం సాయంత్రం మా కోల్డ్ స్టోరేజీలో బావ, అక్క మొగుడు, రెండో నంబరు చల్లగది తలుపు వేసి తాళం పెట్టాడు. సోమవారం పొద్దున తీస్తే లోపల లోడింగు పెద్దాయన ఉన్నాడు. పెట్టెల వెనక గోడకి ఆనుకుని కూర్చునే చనిపోయాడట. నేను చూడలేదు. ముప్పై ఏళ్ళు పెట్టెలు మోసిన మనిషి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. నా బల్ల పక్క నుంచి వెళ్తూ రోజూ రెండు వేళ్ళతో చెక్క మీద కొట్టి వెళ్ళేవాడు. అదే ఆయన నమస్కారం.

ఇవాళ వాంగ్మూలాలు తీసుకున్నాను. అది నా పని. వాళ్ళు తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లీషులో రాస్తాను, సంతకం పెడతారు, కాగితం హెడ్డాఫీసుకి వెళ్తుంది. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు లేరు. బావది ఇంకెవరైనా రాస్తే బాగుంటుందని మేనేజరుతో అన్నాను. "ఇంకెవరున్నారయ్యా? నీ అంత ఇంగ్లీషు ఎవరికొచ్చు?" అన్నాడు. ఆ మాట అన్నాక కాదనలేకపోయాను.

బావ కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. "మూడు కేకలేశాను. బదులు రాలేదు. తలుపేశాను. పాపకి జ్వరం. ఇంటికెళ్ళాను."

"అంతేనా బావా?"

"అంతే."

మా బావ మాటలెప్పుడూ అంతే, ఇటుకలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో సున్నం ఉండదు. ఫారంలో రెండు గడులు: జరిగినది, కారణం. రెండో గడి ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి వస్తుంది. పద్దెనిమిదేళ్ళలో నా కాగితం ఒక్కటి వెనక్కి రాలేదు. కేకల తరువాత 'తొందరగా తలుపు వేశానని చెప్పాడు' అని రాసి, పక్కనే బికాజ్ పెట్టి, కూతురికి జ్వరమని రాశాను. తొందర అన్న మాట బావ అనలేదు, నిజమే. కానీ హెడ్డాఫీసులో చదివేవాళ్ళకీ పిల్లలుంటారు. జ్వరంతో పడుకున్న పిల్ల అంటే ఎవరి మనసైనా కరుగుతుంది.

చదివి వినిపించేటప్పుడు ఎప్పటిలాగే ముక్కలుగా చెప్పాను. కేకలేశావు, తలుపేశావు, పాపకి జ్వరం, ఇంటికొచ్చావు. బావ తలూపి సంతకం పెట్టాడు. బావకి మంచే చేశాను.

మార్చి 5

మేనేజరు చదివి, "శుభ్రంగా ఉంది" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

కింది ట్రే సర్దాలి. రేపు చూస్తాను.

మార్చి 6, గురువారం

బావని పనిలోకి రావద్దన్నారు. నాకు మధ్యాహ్నం తెలిసింది, అదీ గార్డు చెబితే. మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"ఆయనే ఒప్పుకున్నాడు కదయ్యా, తొందరపడ్డానని" అన్నాడు.

"ఒప్పుకోలేదు సార్. కారణం చెప్పాడు."

"కారణం చెప్పడమంటే ఏంటి మరి? తప్పు చెయ్యనివాడికి కారణంతో పనేముంది?"

పదిహేడున హెడ్డాఫీసు నుంచి విచారణకి ఒక మేడమ్ వస్తుందట. తొందరపాటు వల్లే మనిషి పోయాడని ఆవిడ తేలిస్తే ఉద్యోగంతో ఆగదు, పోలీసు కేసవుతుంది. బావ జైలుకి వెళ్తాడు. "మీరు సానుభూతితో చూడాలి సార్" అన్నాను. "సానుభూతే ఉంది. అందుకే నీ వాక్యం ఒక్క అక్షరం మార్చకుండా పంపాను" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఉండేది వాళ్ళ పైగదిలో, తినేది వాళ్ళ వంటింట్లో. తప్పించుకుని మెట్లెక్కడానికి వేరే దారి లేదు.

"నువ్వుండగా ఏం కాదులే, ఇంగ్లీషులో నీ మాటకి తిరుగుంటుందా?" అంది.



మార్చి 7, శుక్రవారం

ఆఫీసులో నా వెనక నన్ను 'ఎందుకంటే గారు' అంటారని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ అది బిరుదనుకున్నాను.

ఇవాళ గార్డు వాంగ్మూలం నకలు చూసుకున్నాను. ఆయన అన్నది: "మూడు కేకలూ విన్నాను." నేను రాసింది: కేకలు విన్నట్టు అతని నమ్మకం. విన్నాడు అని రాస్తే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. చేతికి పట్టేసిన తీరు. ఒక మనిషి గట్టిగా చెప్పిన మాటని కాస్త మెత్తబరచి రాస్తే రేపు నా మీదకి రాదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు.

ఇంకొకటి. గదిలో గంట బటన్ చుట్టూ మంచు గీకి ఉందని తలుపు తీసినవాళ్ళు నలుగురూ చెప్పారు. లోపల ఎవరైనా ఉండిపోతే బటన్ నొక్కాలి, గార్డు గదిలో గంట మోగాలి. లోపలి నుంచి తలుపు తెరిచే పిడి ఊడిపోయి ఎన్నో ఏళ్ళయింది, ఉన్నదల్లా ఆ గంటే. పెద్దాయన నొక్కాడన్నమాట. నేను రాసింది: మంచు కొంత చెదిరినట్టు చెప్పబడుతోంది. ఎవరు చెప్పారో లేదు, ఎవరు గీకారో లేదు.

మార్చి 8, శనివారం

బావ పెరట్లో పాత కుర్చీకి మేకులు కొడుతున్నాడు. నన్ను చూసి కూడా సుత్తి ఆపలేదు. పక్కన కూర్చున్నాను.

"తొందరపడ్డానని నేనన్నానా?" అన్నాడు చివరికి.

"అలా అనలేదు బావా. అంటే, అర్థం అలా వచ్చింది."

"నేననని మాటకి అర్థం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

కింద పడ్డ మేకొకటి తీసి అందించాను. మేకు వంకర పోతే లాగి మళ్ళీ కొట్టాడు.

"సరే, అది పోనీ. గంట మోగట్లేదని జనవరిలో నీకు చెప్పాను కదా. మూడుసార్లు చెప్పాను. రాశావా లేదా?"

"రాశాను."

"రాశావుగా. ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది. గంట బాగుచెయ్యనిది వాళ్ళు, నేను కాదు."

అక్క వంటింటి కిటికీలోంచి వింటోంది. "చూశారా, వాడు రాశాడు" అంది బావతో. ఎంత తేలిగ్గా అందో. ఆవిడ మొహం నాలుగు రోజుల తరువాత విచ్చుకోవడం చూశాను.

మార్చి 9

రాశాను. రాశానన్నది అబద్ధం కాదు.

మార్చి 10, సోమవారం

టైపు అమ్మాయి టీకి వెళ్ళినప్పుడు కింది ట్రే తీశాను.

మా ఆఫీసులో కాగితం ఎటు పోవాలో నేను రాసే మొదటి మాటే చెబుతుంది. ఫలానావాడు రిపోర్టెడ్ అని రాస్తే పై ట్రే. మూడు నకళ్ళు, మేనేజరు సంతకం, ఏడు రోజుల్లో మెకానిక్కు. లేకపోతే హెడ్డాఫీసు అడుగుతుంది. క్లెయిమ్స్ అని రాస్తే కింది ట్రే. వాడేదో అంటున్నాడు, నిజమో కాదో వీలున్నప్పుడు చూద్దాం అని అర్థం. ఆ వీలు ఎప్పుడూ చిక్కదు. ఉత్త సెడ్ అని రాస్తే ఎటు వెయ్యాలో తెలియక ఆ అమ్మాయి నా మొహం చూస్తుంది. ఈ పద్ధతి మేనేజరు పెట్టాడు, నేను నేర్చుకున్నాను, ఆ అమ్మాయికి నేనే నేర్పాను. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగే ఏర్పాటు. ఎంతమందికి ఎంత గొప్పగా చెప్పుకున్నానో.

అడుగు నుంచి నాలుగో కాగితం. జనవరి ఇరవై. నా చేతిరాత. రెండో గదిలో గంట పనిచేయడం లేదని ఆపరేటరు క్లెయిమ్స్.

మా బావ మాట అది. ఆ గదిలో పదకొండేళ్ళు పనిచేసిన మనిషి బటన్ నొక్కి చూసి, గార్డుని అడిగి, మూడుసార్లు వచ్చి నాకు చెబితే, నేను 'అంటున్నాడు' అని రాసి కింద పడేశాను. పై ట్రేలో వేసుంటే జనవరిలోనే గంట మోగేది. శనివారం కూడా మోగేది. పెద్దాయన ఇవాళ పొద్దున నా బల్ల మీద రెండు వేళ్ళతో కొట్టి వెళ్ళేవాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ పుస్తకంలో ఉంది.

మార్చి 11

అలా ఎందుకు రాశానంటే, ఆ వారం మేనేజరు పై ట్రే నిండిపోయిందని కేకలేశాడు. కొట్టేశాను.

ఎందుకంటే, బావ కాగితం పైన పెడితే బావమరిది పక్షపాతం చూపించాడంటారు. ఇదీ కొట్టేశాను. ఎవరూ అనరు.

ఎందుకంటే, చలికాలంలో గంటలు ఒక్కోసారి మొరాయించి వాటంతటవే బాగవుతాయని. ఏ గంట బాగయింది?

ఇంకొకటి ఉంది. అది రాయను.

మార్చి 12, బుధవారం

సస్పెన్షన్ ఉత్తరం ఇంటికి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో నా తరువాత ఇంగ్లీషు వచ్చేది చిట్టికే, అక్క కూతురు, పదమూడేళ్ళు, నేనే నేర్పాను. అక్క దానిచేత చదివించిందట.

నేను వచ్చేసరికి చిట్టి వరండాలో కూర్చుని జడ విప్పుకుని మళ్ళీ అల్లుకుంటోంది. "ఏమే, ఉత్తరం అర్థమైందా?" అన్నాను, ఏదో మాట్లాడాలి కనుక.

"అయింది మామయ్యా. బికాజ్ తరువాత నేనున్నాను."

నవ్వలేదు, ఏడవలేదు. నేను మెట్లెక్కి వచ్చేశాను.

మార్చి 13, గురువారం

మేనేజరు నా బల్ల దగ్గరికే వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"మేడమ్ వచ్చేలోపు ఆ కింది ట్రే కాస్త ఖాళీ చెయ్యవయ్యా. పాత కాగితాలు, చెదలు తప్ప ఏముంటుంది?"

"ఏమైనా పనికొచ్చేవి ఉంటే సార్?"

"నీ చేతిరాత ఉన్నవి నీకే పనికొస్తాయి" అన్నాడు. "నీ ఉద్యోగం గట్టిది. గట్టిగానే ఉండనీ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదకి వెళ్ళింది. కాగితం ఇంట్లో ఉందని గుర్తున్నా వెళ్ళింది. ఆయన చూశాడు.

మార్చి 14

చింపలేదు. ఇవ్వనూ లేదు.

మార్చి 15, శనివారం

ఇంకో దారి దొరికిందనుకున్నాను. రెండు రోజులు కూర్చుని బావ తరపున విజ్ఞాపన రాశాను, మూడు పేజీలు. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు రాయలేదు. పదకొండేళ్ళ సేవ, మచ్చలేని నడవడి, జ్వరంతో ఉన్న కూతురు, పెద్దాయన చెవుడు, అన్నీ ఒకదానికొకటి ముడివేసి, చదివితే రాయి కూడా కరిగేట్టు. గంట మాట మాత్రం లేదు. అది లేకుండానే పని జరిగితే అందరికీ మంచిది కదా.

బావకి తెలుగులో చదివి వినిపించాను. ఈసారి ముక్కలు చెయ్యలేదు, ఉన్నదున్నట్టు చదివాను.

"పెద్దాయన చెవుడు వల్ల పోయాడని రాశావా?" అన్నాడు.

"వల్ల అని కాదు బావా, అదీ ఒక కారణమని."

"పోయినాయన మీద పెడతావా? నిన్న నా కూతురి మీద పెట్టావు. రేపు ఎవరి మీద పెడతావు?" కాగితాలు నా ఒళ్ళో పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. "నాకీ కారణాలు వద్దు. గంట కాగితం తీసుకురా."

"వెతుకుతున్నాను" అన్నాను.

అక్క కూడా నా మొహం వంక చూసింది. తోడబుట్టిన మనిషి. నేను చిన్నప్పుడు అబద్ధం చెబితే చెవి చూసి పట్టేసేది, ఎర్రబడుతుందట. ఇవాళ చూసి కూడా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నమ్మాలనుకుంది కాబోలు.

నాకు భయంగా ఉంది. ఈ ముక్క ఎక్కడా రాయలేదు, ఇక్కడైనా రాయాలి. ఉద్యోగం పోతుందని కొంత. కానీ ఎక్కువ భయం అక్క గురించి. కాగితం చూపిస్తే మొగుడు బయటపడతాడు, తమ్ముడు పోతాడు.

మార్చి 16, ఆదివారం

పొద్దున చిట్టి పైకి వచ్చి గ్రామరు పుస్తకం ఇచ్చేసింది. "ఇంక వద్దు మామయ్యా" అంది. చెయ్యి తగిలితే కాలింది.

"ఒళ్ళు వేడిగా ఉందేమే?"

"లేదు. ఎండలో వచ్చాను."

మెట్ల మీద ఎండే లేదు. కిందికి వెళ్ళి అక్కకి చెప్పాను. అక్క దాన్ని పట్టుకుని నుదురు చూసి అదిరిపడింది. మూడు రోజుల నుంచీ జ్వరం. దుప్పటి కింద నుంచి థర్మామీటరు దొరికింది, పరుపు సందులో రెండు మాత్రల ఖాళీ రేకులు. తనే లెక్క చూసుకుని వేసుకుంటోంది. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, ప్రమాదం లేదన్నాడట.

వెళ్ళే ముందు అక్క దాని భుజాలు పట్టుకుని అడిగింది. "చెప్పలేదేమే? మూడు రోజులు చెప్పకుండా ఎలా ఉన్నావే?"

"చెప్తే నాన్న తొందరపడతాడు" అంది చిట్టి. "అప్పుడెవరో చచ్చిపోతారు."

బావ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆ మనిషి కంట నీరు నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుని పిల్లని ఎత్తుకుని వెళ్ళాడు, పదమూడేళ్ళ పిల్లని.

నేను పెట్టిన వాక్యం అది. కరుగుతుందని పెట్టాను. నా చేతులు నరికి పారెయ్యాలి.

ఇల్లంతా ఖాళీగా ఉంది. పుస్తకంలోంచి కాగితం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రేపు పొద్దున తీసి మళ్ళీ పుస్తకంలో పెట్టకుండా ఉండడానికి చొక్కా వేసుకునే రాస్తున్నాను.

మార్చి 17, సోమవారం

విచారణ మేడమ్ నడివయసావిడ, చీర మీద స్వెట్టరు వేసుకుని వచ్చింది. చల్లగది చూసి వచ్చి ఇంకా చేతులు రుద్దుకుంటోంది. ఆవిడకి తెలుగు రాదు. బావకి ఇంగ్లీషు రాదు. మధ్యలో కుర్చీ నాది. ఒక పక్క మేనేజరు, ఎదురుగా టైపు అమ్మాయి.

బావ అవే మాటలు చెప్పాడు. మూడు కేకలేశాను, బదులు రాలేదు, తలుపేశాను. నేను అవే ముక్కలు ఇంగ్లీషులో పెట్టాను. ఏదీ అతికించలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తలుపు ఎందుకు వేశావని ఆవిడ అడిగింది. బావకి తెలుగులో చెప్పాను.

బావ నన్ను వింతగా చూశాడు. "ఆరయింది. ఆరింటికి వెయ్యాలి. అందుకు వేశాను."

అంతే. అదీ కారణం. పద్దెనిమిదేళ్ళు కారణాలు రాసినవాణ్ణి, నాలుగో తారీకున నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగుంటే గడి అప్పుడే నిండేది.

ఆవిడ నా వాంగ్మూలం కాగితం చూపించి, మరి తొందర, జ్వరం అని ఇక్కడుందే, అంది. ఈ ప్రశ్న బావకి తెలుగులో చెప్పలేదు. అది ఆయన అనలేదు, నేను కలిపాను, అని ఇంగ్లీషులో నేనే చెప్పాను. తరువాత జేబులోంచి జనవరి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మేనేజరు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

ఆవిడ రెండుసార్లు చదివింది. క్లెయిమ్స్ అన్న చోట వేలు పెట్టి, ఇలా ఎందుకు రాశారు అంది. కింది ట్రే, పై ట్రే, అన్నీ చెప్పాను. మేనేజరు అడ్డం వచ్చి అలాంటి పద్ధతేమీ లేదన్నాడు. ఆవిడ టైపు అమ్మాయి వంక చూసింది. ఆ అమ్మాయి లేచి వెళ్ళి రెండు ట్రేలూ తెచ్చి బల్ల మీద పెట్టింది.  ఆ పిల్లకి ఉన్న ధైర్యం నాకు జనవరిలో ఉండుంటే.

ఇంక నా వాంగ్మూలం. టైపు అమ్మాయి నా వైపు వంగి నెమ్మదిగా అడిగింది. "సార్, మీది ఏ మాటతో మొదలుపెట్టమంటారు?"

"ఒప్పుకున్నాడు అని రాయమ్మా."

"కారణం గడిలో?"

పదకొండున రాయనన్నది ఇదే. జనవరి ఇరవైన బావ వచ్చేసరికి ఆరుకి పది నిమిషాలు తక్కువ. పై ట్రేకైతే మూడు నకళ్ళు రాయాలి, మేనేజరు ఫోను ముగిసేదాకా సంతకం కోసం నిలబడాలి, అరగంట. కింది ట్రేకైతే ఒక్క మాట. నేను అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాను.

"నాకు ఇంటికి వెళ్ళే తొందర" అన్నాను. తెలుగులో, బావకి వినపడేట్టు. తరువాత ఇంగ్లీషులో.

బావ తల ఎత్తలేదు. నేను సంతకం పెట్టి లేస్తుంటే, "పెద్దాయన బటన్ నొక్కాడు కదరా" అన్నాడు, అంతే. ఆ మాట ఇంగ్లీషులో చెప్పమని మేడమ్ నన్ను అడిగింది. చెప్పాను.

నన్ను రేపటి నుంచి రావద్దన్నారు. మేనేజరుని కూడా. బావ సంగతి పై నుంచి రావాలి, కానీ పోలీసుల దాకా పంపడం లేదని ఆవిడే బావతో చెప్పమంది. తొందర అన్న మాట ఆవిడే ఎర్ర సిరాతో కొట్టేసింది.

మార్చి 18, మంగళవారం

అక్క నాతో మాట్లాడలేదు. పొద్దున మెట్ల మీద పళ్ళెం పెట్టి వెళ్ళింది, తలుపు కొట్టలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెట్టె సర్దుకుంటున్నాను, పొమ్మని ఎవరూ అనకముందే.

పదింటికి చిట్టి వచ్చింది, శాలువా కప్పుకుని. పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. చెప్పాల్సిన మనిషి ఇదొక్కటే మిగిలింది.

"చిట్టీ, ఆ ఉత్తరంలో మాట మీ నాన్న అనలేదు. నేను రాశాను. మీ నాన్న తొందరపడలేదు, మూడు కేకలేసి, టైమయ్యాకే తలుపేశాడు. తొందరపడింది నేను. జనవరిలో. నేనప్పుడు ఇంటికి వచ్చెయ్యకుండా ఉండుంటే గంట మోగేది, పెద్దాయన బతికేవాడు. నీ జ్వరానికీ దానికీ ఏ సంబంధం లేదు."

 శాలువా కుచ్చులు విప్పి మళ్ళీ ముడేసింది.

"అప్పుడు ఎవరికి జ్వరమొచ్చింది మామయ్యా?"

"ఎవరికీ రాలేదమ్మా."

"మరి ఎందుకు వచ్చేశావు?"

ఎందుకంటే, అని మొదలుపెట్టాను. దాని తరువాత ఏమీ లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏం చేశానో కూడా గుర్తులేదు.

చిట్టి లేచింది. మెట్లు ఒక్కొక్కటే దిగడం విన్నాను. కింద ఆగి, పెరట్లోకి వినిపించేట్టు పిలిచింది.

"నాన్నా, నాకింకా ఒళ్ళు వెచ్చగానే ఉంది."

సుత్తి చప్పుడు ఆగింది. "వస్తున్నానమ్మా" అన్నాడు బావ. చేతులు కడుక్కున్న నీళ్ళ చప్పుడు వినిపించింది, ఆ తరువాత ఆయన లోపలికి నడిచి రావడం.